ఊరి సారా, సర్కారు ఖజానా: నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మద్యవ్యతిరేక కార్యకర్త బతుకు

పెద్దమనుషుల ఒప్పందం అనగానే ఉద్యోగాలు, మిగులు నిధులు గుర్తుకొస్తాయి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన ఆ ఒప్పందంలో మద్యం సంగతి కూడా ఉందన్నది చాలామందికి గుర్తుండదు. తెలంగాణలో మద్యనిషేధాన్ని ఎట్లా అమలు చేయాలన్నది తెలంగాణ ప్రాంత శాసనసభ్యులే తేల్చుకోవాలని అందులో ఒక షరతు రాసుకున్నారు. సంతకాలు చేసినవాళ్లలో బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి ఉన్నారు. ఆంధ్ర వైపు సంతకాల్లో గౌతు లచ్చన్న పేరుంది. కల్లుగీత కార్మికుల తరఫున నిలబడి, మద్యనిషేధం మీద తెచ్చిన అవిశ్వాస తీర్మానంతో 1954లో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వాన్ని పడగొట్టింది ఆయనే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడకముందే కల్లు ఒక ప్రభుత్వాన్ని కూల్చింది, ఆ కొత్త రాష్ట్రం పుట్టుకకు షరతు అయింది.

ఆ షరతు ఎందుకు అవసరమైందో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ నివేదికలోనే జవాబుంది. ఆంధ్రతో పోలిస్తే తెలంగాణకు ఆర్థిక ఇబ్బందులు తక్కువని, దానికి ముఖ్య కారణాలు ఎక్కువగా ఉన్న భూమి శిస్తు, ఏటా 5 కోట్ల రూపాయల దాకా వచ్చే ఎక్సైజ్ రాబడి అని కమిషన్ 1955లో రాసింది. తెలంగాణ మిగులు అని మనం గర్వంగా చెప్పుకునే సొమ్ములో కల్లు ముంత వాటా చిన్నది కాదు. నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా మద్యానికి ఎదురు నిలిచే మనిషి బతుకు అర్థం కావాలంటే ఈ లెక్క దగ్గరే మొదలుపెట్టాలి. ఊరి మహిళా కార్యకర్తకు రోజూ ఎదురుపడేది తాగి వచ్చిన మగాడు. ఆమె పని ఎక్కడికక్కడ ఆగిపోయేది మాత్రం ఖజానా గుమ్మం దగ్గర.

నిజాం కాలంలో ఆబ్కారీ, అంటే మద్యం పన్ను, సర్కారుకున్న పెద్ద రాబడుల్లో ఒకటి. 1316 ఫస్లీ (సుమారు 1906-07) నాటి హైదరాబాద్ ఆబ్కారీ చట్టం ఇక్కడ నడుస్తుంటే, మద్రాసు రాష్ట్రం 1937లోనే నిషేధ చట్టం చేసుకుంది. 1956లో రెండు ప్రాంతాలు కలిసినా చట్టాలు కలవలేదు. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చేదాకా కృష్ణకు అటు గుంటూరు ఒడ్డున ఒక చట్టం, ఇటు నల్లగొండ ఒడ్డున ఇంకో చట్టం. నది దాటితే నేరం వ్యాపారమయ్యేది.

ఈ నేల మీద మద్యానికి వ్యతిరేకంగా మాట్లాడినవాళ్లు ఒకే దారిలో నడవలేదు. హైదరాబాద్‌లో 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ హరికథలు చెప్పించి దళితవాడల్లో తాగుడు, దేవదాసీ ఆచారం మానమన్నాడు. ఆయన లెక్కలో మందు మానడం ఆత్మగౌరవంలో భాగం. తాగినవాణ్ని దొరా, పట్వారీ చులకనగా చూస్తారు, వేలిముద్ర వేయించుకుంటారు అన్నది ఆ ప్రచారం వెనకున్న ఇంగితం. 1947లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం నాటికి వ్యవహారం వేరు. నిజాం రాబడికి గండి కొట్టాలని కార్యకర్తలు ఈత చెట్లు, తాటి చెట్లు నరికారు. తాగొద్దని చెప్పడం అక్కడ ముఖ్యం కాదు, పన్ను కట్టొద్దన్నదే ముఖ్యం. చెట్టు కూలితే సర్కారుకు పన్ను పోయేది, గీసేవాడికి బతుకుదెరువే పోయేది. ఈ రెండో నష్టాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం మద్యనిషేధ ఉద్యమాల పాత జబ్బు.

ఆ నష్టాన్ని ముందు పెట్టి మాట్లాడిన రాజకీయం కూడా నల్లగొండలోనే బలపడింది. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం కల్లుగీత కార్మికులను సంఘటితం చేసిన నాయకుడు, తర్వాత నల్లగొండ ఎంపీ. ‘గీసేవాడికే చెట్టు’ అన్న డిమాండ్ కాంట్రాక్టర్‌కు వ్యతిరేకంగా పుట్టింది. వేలంపాటలో చెట్లు పాడుకున్నవాడు లాభం తినడం, మోకు కట్టి చెట్టెక్కినవాడు కూలికి గీయడం, జారిపడితే నడుం విరగడం, ఇదీ నాటి పరిస్థితి. ఇవాళ ఉన్న గీత సహకార సంఘాలు, చెట్టు లైసెన్సులు ఆ పోరాటాల ఫలితమే. అందుకే నల్లగొండ ఊరిలో ‘మద్యనిషేధం’ అని బోర్డు రాసి పట్టుకుంటే గౌడ వాడ నుంచి మొదటి ప్రశ్న వస్తుంది: ‘మా కల్లు కూడా బంద్ చేస్తవా అక్కా?’ దీనికి ముందే జవాబు అనుకోని కార్యకర్త నెల తిరగకుండానే ఊరిలో సగంమందికి దూరమవుతుంది.

నెల్లూరుకీ ఇక్కడికీ పెద్ద తేడా ఇదే. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకాయి. అక్కడి ఆడవాళ్లకు శత్రువు ఒకటే, ప్యాకెట్ సారా. 1980ల్లో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే ఊరూరికీ చేర్చిన సరుకు అది. తెలంగాణ పల్లెలో సారా పక్కనే కల్లు ఉంది, కల్లు పక్కన ఎల్లమ్మ ఉంది. బోనాలకు సాక పోయాలి, పెద్దలకు పెట్టినప్పుడు ముంత పెట్టాలి, పెళ్లి దావతులో లొట్టి దిగాలి. ఆడవాళ్లూ తాగుతారు, దాన్ని దాచుకోరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం మద్యం తీసుకుంటున్నట్టు తేలింది. మగవాళ్ల సంగతిలో దేశంలోనే ముందు వరసలో ఉన్న రాష్ట్రాల్లో ఇదొకటి. ఇలాంటి చోట ‘తాగడం పాపం’ అని మొదలుపెట్టే ఉపన్యాసం పనికిరాదు. వినేవాళ్లు నవ్వుతారు, చెప్పే మనిషి అత్తగారే పండక్కి కల్లు తెప్పించుకుని ఉంటుంది.

కాబట్టి ఇక్కడ నిలదొక్కుకున్న కార్యకర్తలు నీతి మాట్లాడరు, పైసలు మాట్లాడతారు. పొదుపు సంఘం మీటింగులో కిస్తీ కట్టలేకపోయిన మనిషిని నిలబెట్టి అడిగితే సగంసార్లు జవాబు మందు దగ్గరికే వెళ్తుంది. లెక్క పలక మీద వేసి చూపించవచ్చు. రోజుకు 200 రూపాయలు మందుకు పోతే నెలకు 6,000, ఏడాదికి 72,000. తెలంగాణలో 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు ఉండేది. అప్పటి చట్టం ఇంటికి మాటిచ్చిన 100 రోజుల పని మొత్తం దొరికినా చేతికొచ్చేది 30,700. ఆ సొమ్ముకు రెండింతల కంటే ఎక్కువే సీసాలోకి పోతుందని అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ముంబైకో పుణెకో మట్టి పనికి వలసపోయి వచ్చే పాలమూరు కుటుంబాల్లో ఈ లెక్క ఇంకా మొరటుగా ఉంటుంది. మేస్త్రీ దగ్గర తెచ్చిన అడ్వాన్సు కూలివాడు బండి ఎక్కకముందే కరిగిపోతుంది. దినమంతా గడ్డపార పట్టిన ఒంటికి సాయంత్రం నొప్పి తెలియకుండా ఉండటానికే తాగుతున్నానని మగాడు చెప్పే మాటలో అబద్ధం ఏమీ లేదు, దాన్ని కొట్టిపారేసే కార్యకర్తకు పని తెలియదనుకోవాలి.

1993 అక్టోబర్ 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతా సారా నిషేధించింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది, కల్లును మాత్రం మినహాయించింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. ఖజానా ఖాళీ అవుతోందని, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగ సరుకు వస్తోందని చెప్పారు. రెండూ నిజమే. అయితే ఆ సడలింపు మీద ఏ ఊరి ఆడవాళ్లనూ అడిగినవాళ్లు లేరు. 1993లో సారా దుకాణం మూయించి సన్మానం చేయించుకున్న మనిషే 1997 తర్వాత ఊరి మధ్యలో వైన్స్ బోర్డు చూడాల్సి వచ్చింది. ఆ తరం కార్యకర్తల్లో చాలామంది ఇంట్లో కూర్చున్నది ఓడిపోయి కాదు. గెలిచిన తర్వాత గెలుపును వెనక్కి తీసుకోవడం వాళ్లను ఎక్కువగా కుంగదీసింది.

ఇవాళ్టి కార్యకర్త ఎదుర్కొనేది బెల్టు షాపును, అంటే లైసెన్సు లేకుండా ఊళ్లో మందు అమ్మే కొట్టును. చట్టంలో ఆ మాటకు చోటు లేదు. రాష్ట్రంలో లైసెన్సున్న మద్యం దుకాణాలు 2,620. ఊళ్లలో కిరాణా కొట్టు వెనక, కొట్టంలో, బడ్డీ కింద, రాత్రి పదకొండింటికి తలుపు తడితే కిటికీలోంచి క్వార్టర్ ఇచ్చేవాటికి లెక్క లేదు. సరుకు మాత్రం దొంగది కాదు. లైసెన్సున్న వైన్స్ నుంచే బండి మీద పెట్టెలు వస్తాయి, ఊరిలో సీసాకు ఇరవై ముప్పై ఎక్కువకు అమ్ముతారు. వైన్స్ యజమానికి అమ్మకం పెరిగితే లాభం, సర్కారుకు డిపో నుంచి సరుకు కదిలితే పన్ను. దుకాణాల లైసెన్సుల కోసం తీసిన 2023 లాటరీలో ఒక్కో దరఖాస్తుకు తిరిగి రాని ఫీజు 2 లక్షలు, 2025లో 3 లక్షలు. అంత పోసి దుకాణం దక్కించుకున్నవాడు తన ఊరి జనాభాతోనే పెట్టుబడి రాబట్టుకోగలడా? చుట్టుపక్కల పల్లెలకు పెట్టెలు పంపడం ఆ వ్యాపారంలోనే ఇమిడి ఉంది. ఎక్సైజ్ సిబ్బంది కన్ను మూసుకున్నారని తిట్టడం తేలికే గానీ, అమ్మకం లక్ష్యాలు పెట్టుకున్న శాఖే అమ్మకాన్ని ఆపాలనడంలో ఉన్న తిరకాసును ఎవరూ విప్పలేదు.

ఆ కిటికీ వెనక కూర్చున్న మనిషి ఎవరన్నది ఇంకో చిక్కు. చాలా ఊళ్లలో బెల్టు షాపు నడిపేది పెద్ద మోతుబరి కాదు. భర్త పోయిన ఆడమనిషి, కాలు విరిగి గీత మానేసినాయన, పొలం అమ్ముకున్న చిన్న రైతు. మహిళా సంఘం వాళ్లు పోయి సీసాలు బయటపడేస్తే ‘నేనేం దొంగతనం చేస్తున్ననా వదినా, నా పిల్లల్ని నువ్వు సాదుతవా?’ అని అడుగుతుంది. ఆమె కూడా అదే సంఘంలో సభ్యురాలై ఉండవచ్చు, ఆమె అప్పుకు వీళ్లే హామీ సంతకం చేసి ఉండవచ్చు. తర్వాత ఎక్సైజ్ వాళ్లు వచ్చి తహసీల్దార్ ముందు బైండోవర్ చేస్తారు. మళ్లీ అమ్మితే జరిమానా కడతానని ఆమె సంతకం చేసి వస్తుంది, పెట్టెలు పంపినవాడి మీద కేసు ఉండదు. నెల తర్వాత కొట్టు ఇంకో సందులో తెరుచుకుంటుంది. కార్యకర్తకు మిగిలేది పాత స్నేహితురాలితో మాటలు లేకపోవడం.

ఇంతకంటే కష్టమైన ఊళ్లూ ఉన్నాయి. బెల్టు షాపు పెట్టుకునే హక్కుకు ఊరి పెద్దలే వేలంపాట పెట్టి, వచ్చిన సొమ్ము గుడికో బొడ్రాయి పండుగకో ఖర్చు చేసే పద్ధతి తెలంగాణలో చాలా చోట్ల నడుస్తోంది. అక్కడ దుకాణం మూయాలన్న మనిషి ఏకంగా దేవుడి సొమ్ముకు అడ్డం పడ్డట్టే లెక్క. పాత ఆబ్కారీ వేలం పద్ధతి సర్కారు వదిలేసినా ఊరు ఎత్తుకుంది.

ఎన్నికల రుతువు సంగతి చెప్పాల్సిన పనిలేదు. 2022 నవంబర్‌లో నల్లగొండ జిల్లా మునుగోడు ఉపఎన్నిక నాటి మద్యం కథలు ఆ నియోజకవర్గం ఇంకా మర్చిపోలేదు. ఏళ్ల తరబడి మందు మానేసి ఉన్న మనిషి కూడా ఆ నెలన్నరలో మళ్లీ మొదలుపెట్టాడని చెప్పుకునే ఇళ్లు ఉన్నాయి. అదే నియోజకవర్గం ఆ తర్వాత బెల్టు షాపుల మూసివేత ప్రచారానికి వేదికైంది. నాయకుడు అనుకుంటే మూతపడతాయన్నది అక్కడ రుజువైంది. నాయకుడు అనుకోకపోతే ఏమవుతుందన్నది మిగతా మండలాల్లో రోజూ రుజువవుతోంది.

ప్రచారకుల మాటల్లో అన్నింటికంటే తక్కువ వినిపించే విషయం మానేసిన తర్వాతి వారం. దుకాణం మూయించడం వరకే పని అనుకునేవాళ్లకు 2015 గట్టి పాఠం చెప్పింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో కల్తీ కల్లు మీద దాడులు జరిగాక నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం పిచ్చిగా ప్రవర్తిస్తూ, వణుకుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు చేరారు. వాళ్లు తాగుతున్నది చెట్టు మీది కల్లు కాదు. నీళ్లలో డయాజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపి, శాక్రిన్ వేసి తయారుచేసిన తెల్లటి సరుకు. పాలమూరులో ఈ కల్తీ పాత కథ. తాటి వనాలు తరిగిపోయి, గిరాకీ మాత్రం తరగని చోట మందు మాత్రల పొడి చెట్టు పని చేస్తుంది. అది ఒక్కసారిగా ఆగితే ఒళ్లు తట్టుకోదు. రోజూ గట్టిగా తాగేవాడు ఉన్నట్టుండి మందు ఆపినా రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనిపించడం, మూర్ఛ రావడం జరుగుతాయి, ప్రాణం మీదికీ రావచ్చు.

ఊరి కమిటీలో ఈ సంగతి తెలిసిన వాళ్లు ఉంటే పని తీరే మారుతుంది. దుకాణం మూసే తేదీ అనుకోగానే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలను పిలిచి, పొద్దున్నే తాగకపోతే చేతులు వణికే వాళ్లెవరో ముందే గుర్తుపెట్టుకోవాలి. అట్లాంటి వాళ్లను జిల్లా ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకుపోయి, మందులతో మెల్లగా తగ్గించాలి. కోడలు పసరు పోసి గదిలో గొళ్లెం పెట్టే ఇంటి వైద్యం ప్రాణాలు తీస్తుంది. తాయత్తు కట్టించే ఊరి నమ్మకాన్ని ఎగతాళి చేయనవసరం లేదు, తాయత్తుతో పాటు డాక్టర్ చీటీ కూడా ఉంటే చాలు. నాయకులు సీసాలు పగలగొట్టే ఫొటో పేపర్లో వస్తుంది, ఈ పని ఎక్కడా రాదు. అయినా నాలుగైదేళ్ల తర్వాత కూడా ఊరు మందుకు దూరంగా ఉన్న చోట తీసి చూస్తే ఆధారం ఇదే అయి ఉంటుంది.

గీత వృత్తికి దారి చూపడం కూడా అట్లాంటిదే. పులియని తాటి, ఈత నీరు, అంటే నీరా, అమ్మకానికి ప్రభుత్వం విధానం తెచ్చింది, భువనగిరి దగ్గర నందనంలో కేంద్రం తలపెట్టింది, హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచింది. చెట్టు నుంచి దించిన కాసేపటికే పులిసే సరుకును చల్లగా పట్నం దాకా చేర్చే ఏర్పాటు ప్రతి ఊరికీ అందేది కాదు. మద్యం దుకాణాల్లో గౌడలకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ 2021లో ఇచ్చారు. న్యాయం పేరుతో అమ్మకంలో వాటా ఇవ్వడం ఎంత తెలివైన ఎత్తో చూడాలి: మద్యానికి ఎదురు నిలవాల్సిన కులాల్లోనే దానికి కాపలాదార్లు తయారవుతారు.

ఇక చట్టం ఏమిస్తుంది? మైదాన ప్రాంతపు పంచాయతీ ‘మా ఊళ్లో మందు బంద్’ అని తీర్మానం చేసి, అమ్మితే ఇంత జరిమానా, పట్టిస్తే ఇంత బహుమతి అని డప్పు చాటింపు వేయించగలదు. లైసెన్సున్న దుకాణాన్ని ఆ కాగితం కదిలించలేదు. నల్లమలలో మాత్రం పరిస్థితి వేరు. అమ్రాబాద్ వైపు షెడ్యూల్డ్ గ్రామాలకు, అంటే ఆదివాసీ ప్రాంతంగా గుర్తించిన ఊళ్లకు, 1996 పీసా చట్టం వర్తిస్తుంది, మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలని ఆ చట్టం చెబుతుంది. చెంచు పెంటకు (చెంచుల గూడేనికి) కాగితం మీద ఉన్న ఈ హక్కు మైదానంలోని కల్వకుర్తి, దేవరకొండ తండాలకు లేదు. మహారాష్ట్రలో ఊరి ఆడ ఓటర్లలో సగానికి పైగా వద్దంటే దుకాణం మూసే పద్ధతి ఉంది. తెలంగాణలో పార్టీల నోట ఆ డిమాండ్ పెద్దగా వినిపించదు, మేనిఫెస్టోలు ఎక్కువగా బెల్టు షాపు అన్న మాట దగ్గరే ఆగుతాయి. బెల్టు షాపు తీసేస్తామంటే ఆడవాళ్లు చప్పట్లు కొడతారు, ఖజానాకు చిల్లు పడదు, కొనేవాడు మండల కేంద్రం దాకా పోయి తెచ్చుకుంటాడు.

చట్టం మారేదాకా చేతిలో ఉన్నవి కొన్ని నిబంధనలు, ఒక క్యాలెండర్. బడి, గుడి, ఆస్పత్రికి 100 మీటర్ల లోపు దుకాణం ఉండకూడదు. లైసెన్సు రెండేళ్లకు ఇస్తారు, ఇప్పటివి 2025 డిసెంబర్ 1న మొదలై 2027 నవంబర్ 30 దాకా నడుస్తాయి. దుకాణం ఏ ఊరికన్నది నోటిఫికేషన్‌లోనే తేలిపోతుంది, లాటరీ తీశాక ధర్నాలు చేస్తే అధికారి కోర్టు పేరు చెప్పి చేతులెత్తేస్తాడు. చాలా ఊళ్ల పోరాటాలు షట్టర్ ఎత్తిన రోజు మొదలై అక్కడే ఓడిపోతున్నాయి. 2027 వేసవి నాటికే పంచాయతీ తీర్మానం, టేపు పట్టి దూరం కొలిచిన పంచనామా, సంఘాల సంతకాలు కలిపి కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, రసీదు నంబరు రాయించుకున్న ఊరికే నోటిఫికేషన్‌కు ముందు మాట్లాడే వీలుంటుంది.